లాజిస్టిక్స్ అంటే ట్రాన్స్‌పోర్టేనా? నాకు అర్థం కావట్లా

కొత్త_బ్యాచ్:
అందరికీ నమస్తే. ఎంబీఏ ఫస్టియర్. ఈ సెమ్‌లో లాజిస్టిక్స్ పేపరుంది, నేనేమో లాజిస్టిక్స్ అంటే లారీలు, లోడింగే అనుకున్నా, పుస్తకం తెరిస్తే ఇన్వెంటరీ, వేర్‌హౌసింగ్, ప్యాకేజింగ్ అని ఏదేదో ఉంది. ఇవన్నీ కలిపి ఒకే సబ్జెక్ట్ ఎందుకయ్యాయి? సప్లై చైన్ అన్నా ఇదేనా? డెఫినిషన్లు వద్దు ప్లీజ్, అవి బట్టీ పట్టేశా.

గోడౌన్_పిల్లి:
తమ్ముడూ, ఒకచోట ఖర్చు నొక్కితే ఇంకోచోట ఉబ్బుతుంది, అందుకే అన్నీ ఒకే సబ్జెక్ట్. సరుకు ఓడలో పంపితే విమానం కంటే ఫ్రైట్, అంటే రవాణా ఖర్చు, బాగా తక్కువ, కానీ వారాల తరబడి సరుకు నీళ్ళ మీదే, అన్నాళ్ళూ నీ డబ్బు అందులో ఇరుక్కునే ఉంటుంది, పైగా ఓడ లేటైతే ఎలా అని గోడౌన్‌లో ఎక్స్‌ట్రా స్టాక్ పెట్టుకోవాలి. నేను ముందు చేసిన చోట ట్రాన్స్‌పోర్ట్ వాళ్ళు లారీ నిండితే గానీ కదలనిచ్చేవాళ్ళు కాదు, ఫ్రైట్ మిగిలిందని వాళ్ళకి మెచ్చుకోళ్ళు, స్టాక్ అయిపోయిందని కస్టమర్ల తిట్లు మాత్రం మాకు 😀

ప్యాకేజింగ్ ఎందుకంటావా, విమానంలో వెళ్ళే కొరియర్‌కి బరువొక్కటే చూడరు. 50×40×30 సెంటీమీటర్ల పెట్టె అనుకో, గుణిస్తే 60,000, దాన్ని మామూలుగా 5,000తో భాగిస్తారు, 12 కిలోలొస్తుంది. లోపల వస్తువు 3 కిలోలే ఉన్నా బిల్లు 12కే. పెట్టె సైజు ఎవడు డిసైడ్ చేశాడో గానీ కట్టేది మాత్రం లాజిస్టిక్స్ బడ్జెట్ నుంచే.

లెక్కల_పిచ్చి:
పిల్లిగారు చెప్పిందే లెక్కలో చూడండి. 1913లో ఫోర్డ్ హారిస్ అనే ఆయన రాసిన ఈఓక్యూ ఫార్ములా ఉంది, ఒక్కో ఆర్డర్‌కి ఎన్ని పీసులు తెప్పిస్తే మొత్తం ఖర్చు తక్కువో చెప్తుంది, ఎగ్జామ్‌లో గ్యారంటీ అనుకోండి. ఏడాదికి 1,200 పీసులు కావాలి, ఒక్కో ఆర్డర్ పెట్టడానికి 100 ఖర్చు, ఒక పీసు ఏడాది దాచడానికి 6. రెండు ఇంటు 1,200 ఇంటు 100, దాన్ని 6తో భాగించి వర్గమూలం తీస్తే 200. అంటే ఏడాదికి 6 ఆర్డర్లు. ఆర్డర్ల ఖర్చు 600, 200 వచ్చి సున్నాకి తగ్గుతూ పోతాయి, సగటున 100 పీసులు గోడౌన్‌లో ఉంటాయి కాబట్టి దాచే ఖర్చూ 600, రెండూ సమానమైన చోటే మొత్తం తక్కువ. కాకపోతే డిమాండ్ ఏడాదంతా ఒకేలా ఉంటుందనుకుని వేసిన లెక్క ఇది, నిజంగా అలా ఎక్కడుంటుంది, అందుకే సేఫ్టీ స్టాక్, పిల్లిగారు చెప్పిన ఆ ఎక్స్‌ట్రా స్టాకే.

రిటర్న్_పార్సిల్:
సప్లై చైన్ గురించి ఎవరూ చెప్పలేదు. అది పెద్ద గొడుగు బ్రో, ముడిసరుకు ఎవరి దగ్గర కొనాలి, ఎక్కడ తయారుచేయాలి, సప్లయర్లతో సంబంధాలు అన్నీ అందులోకి వస్తాయి, సరుకు కదలడం నిల్వ ఉండడం వరకు లాజిస్టిక్స్. వెనక్కొచ్చే సరుకు కూడా ఇందులోదే, రివర్స్ లాజిస్టిక్స్ అంటారు. నేను రోజూ చేసేది అదే. వెళ్ళేటప్పుడు వంద పీసులు ఒకే లారీలో వెళ్తాయి, తిరిగొచ్చేటప్పుడు ఒక్కోటి ఒక్కో చోటి నుంచి, ఒక్కోటీ విప్పి చూడాలి, మళ్ళీ అమ్మొచ్చా రిపేరా స్క్రాపా అని తేల్చాలి.

కొత్త_బ్యాచ్:
థాంక్స్ అందరికీ. పిల్లన్నా, ఆ 12 కిలోల పాయింట్ క్లాసులో ఎవరూ చెప్పలేదు. మరి సైజు లెక్కలో 3 కిలోలే వచ్చే పెట్టెలో 20 కిలోల ఇనుము పెడితే 3కే కడితే చాలా 😜

గోడౌన్_పిల్లి:
ఆశ చూడు. రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.