‘లివింగ్ డాల్’ రచయితగా ఎవరి పేరు ఉండాలి?

పాతటీవీ:
పాత అమెరికన్ టీవీ సీరియల్ ‘ట్వైలైట్ జోన్’ మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను. 1959 నుంచి 1964 దాకా సీబీఎస్ ఛానల్లో వచ్చిన 156 ఎపిసోడ్లలో 92 ఆ సీరియల్ సృష్టికర్త రాడ్ సెర్లింగ్ రాసినవే. చార్లెస్ బోమాంట్ పేరు మీద 22 ఉన్నాయి. అయితే 1963 నవంబరు 1న వచ్చిన ‘లివింగ్ డాల్’ స్క్రిప్టు ఆయన రాసింది కాదు. అప్పటికే ఆయనకు జబ్బు మొదలైంది. జ్ఞాపకం పోతోంది, ముప్పైల్లోనే ముసలివాడిలా అయిపోయాడు. స్నేహితుడు జెర్రీ సోల్ రాసిపెట్టాడు, తెర మీద బోమాంట్ పేరే పడింది. ‘ది న్యూ ఎగ్జిబిట్’, ‘క్వీన్ ఆఫ్ ద నైల్’ కూడా అంతే. ఇప్పటికైనా సోల్ పేరు చేర్చాలా, వద్దా?

రాతగాడు:
చేర్చాలి. ఎవరు రాస్తే వాళ్ల పేరు. నేను హైదరాబాద్‌లో ఒక డైలీ సీరియల్‌కు రెండేళ్లు సీన్లు రాశాను. టైటిల్స్‌లో వేరే ఆయన పేరు వచ్చేది. మా అమ్మ రోజూ నా పేరు కోసం టీవీకి దగ్గరగా జరిగి కూర్చునేది. ‘ఇవాళ కూడా గబగబా తిప్పేశార్రా’ అనేది.

మూడోకన్ను:
మీ సంగతి వేరు, వాళ్ల సంగతి వేరు. కథ ఇద్దరూ కలిసి అనుకున్నారు, సోల్ రాశాడు, డబ్బు చెరిసగం పంచుకున్నారు. బోమాంట్‌కు నలుగురు పిల్లలు. రాయలేకపోతున్నాడని తెలిస్తే పని ఎవరిస్తారు?

చిన్నూ77:
‘లివింగ్ డాల్’లో మాట్లాడే బొమ్మ టాకీ టీనాకు గొంతు ఇచ్చింది జూన్ ఫోరే. అప్పట్లో పిల్లలు నిజంగా ఆడుకున్న ‘చాటీ కాథీ’ బొమ్మ గొంతు కూడా ఆవిడదే. భయమంతా ఆ గొంతులో ఉంది, స్క్రిప్టులో కాదు.

రాతగాడు:
ఆ గొంతు పలికిన మాటలు ఎవరో ఒకరు కాగితం మీద పెట్టినవే కదా చిన్నూ గారూ. మూడోకన్ను గారూ, నేను డబ్బు సంగతి ఎత్తలేదు. నాకు కూడా కవర్లో పెట్టి డబ్బు ఇచ్చారు. పేరు అడుగుతున్నాను.

మూడోకన్ను:
కథ ఇద్దరిదీ అని ఇప్పుడే చెప్పాను.

పాతటీవీ:
కథ వేరు, స్క్రిప్టు వేరండీ. ‘నంబర్ 12 లుక్స్ జస్ట్ లైక్ యూ’ 1964 జనవరిలో వచ్చింది. బోమాంట్ పాత కథను జాన్ టామర్లిన్ స్క్రిప్టుగా రాశాడు. తెర మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

రాతగాడు:
అదీ సంగతి! అక్కడ రెండు పేర్లు పట్టాయి. సోల్ దగ్గరికి వచ్చేసరికి చోటు లేకుండా పోయిందా?

మూడోకన్ను:
మీ కోపం ఆ సీరియల్ వాళ్ల మీద. దాన్ని చనిపోయిన మనిషి మీద తీర్చుకోకండి.

రాతగాడు:
సరిగ్గా నా చేత రాయించుకున్న పెద్దమనిషిలాగే మాట్లాడుతున్నారు. ఆయన కూడా ‘మనలో మనకు పేరేమిటయ్యా’ అనేవాడు.

సుమతి_టీచర్:
ఇద్దరూ కాస్త ఆగండి. పేరు పక్కన పేరు చేరిస్తే ఎవరికి నష్టమో మూడోకన్ను గారు చెప్తే వినాలని ఉంది.

మూడోకన్ను:
చెప్తాను. మా నాన్న తెనాలిలో షాపులకు బోర్డులు రాసేవారు. చేతులు వణకడం మొదలయ్యాక మూడేళ్లపాటు నేను రాసి, కింద మూలన ఆయన పేరే వేశాను. ఊళ్లో ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఎవరైనా వచ్చి దాన్ని సరిదిద్దుతానంటే నేను ఒప్పుకోను.

రాతగాడు:
అర్థమైందండీ. కానీ మీ పేరు మీరు ఇచ్చారు, నా పేరు వాళ్లు తీసుకున్నారు. సోల్ కూడా ఇచ్చాడనే ఒప్పుకుంటాను. ఆ ఇవ్వడం మనిషి బతికున్నంత వరకే కదా? బోమాంట్ 1967లో, 38 ఏళ్లకే పోయాడు. ఆ తర్వాత కూడా సోల్ పేరు దాచి ఎవరికి సాయం? నాన్నగారి పేరు చెరపమనడం లేదు. పక్కన మీది రాయమంటున్నాను.

మూడోకన్ను:
పక్కన నాది రాస్తే నాన్న చెయ్యి వణికిందని ఊరంతా తెలుస్తుంది. నేను మూడేళ్లు దాచింది అదే.

రాతగాడు:
తెలిస్తే తెలియనివ్వండి. కొడుకు పక్కన నిలబడ్డాడని కూడా తెలుస్తుంది. మా అమ్మ పోయిన ఏడాది చనిపోయింది. నా పేరు ఒక్కసారి కూడా చూడలేదు.