డబ్బులిస్తే వేరే దేశాల అణు వ్యర్థాలు మన దగ్గర పెట్టుకోవచ్చా?

పాలమూరు బాటసారి:
2016లో దక్షిణ ఆస్ట్రేలియాలో ఇదే గొడవ. వేరే దేశాలు వాడేసిన అణు ఇంధనాన్ని డబ్బు తీసుకుని దాచిపెట్టొచ్చని అక్కడి రాయల్ కమిషన్ (ప్రభుత్వం వేసిన విచారణ సంఘం) చెప్పింది. మామూలు జనంతో వేసిన జ్యూరీలో మూడింట రెండొంతుల మంది వద్దన్నారు. నా మాట వేరు. మా దిక్కు వాన సరిగా పడదు, ఎప్పట్నుంచో బొంబాయి వలసలు. లోతుగా పాతిపెట్టడానికి గట్టి గ్రానైట్ మాత్రం ఉంది. కోట్లు ఇస్తామంటే ఎందుకు కాదనాలి?

సాగర్ కట్ట:
అన్నా, గ్రానైట్ గట్టిదే. కానీ మన బోర్లలో నీళ్లొచ్చేది ఆ రాతి పగుళ్లలోంచే కదా. ఒకసారి మా నల్గొండలో మర్రిగూడ వైపు వచ్చి చూడు. రాతిలోని ఫ్లోరైడే నీళ్లలో దిగి తరాల ఎముకలు వంచింది. ఇక వాడేసిన ఇంధనంలో ఉండే ప్లుటోనియం సగానికి తగ్గాలంటేనే 24 వేల ఏళ్లు. అన్నేళ్లు కాపలావాడికి జీతం ఎవరిస్తారు?

సైన్సు సారు (రిటైర్డ్):
ఈ వ్యాపారమంతా పారబోతే అనుకోకండి. జపాన్ తన ఇంధనాన్ని ఫ్రాన్స్‌కు, బ్రిటన్‌కు పంపింది. వాళ్లు శుద్ధి చేసి, మిగిలిన వ్యర్థాన్ని గాజులో కలిపి గట్టిపరచి, ఓడల్లో జపాన్‌కే తిప్పి పంపారు. ఎవరి చెత్త వాళ్లింటికి. చేరే దేశం ఒప్పుకోనిదే పంపకూడదని 1997 నాటి అంతర్జాతీయ ఒప్పందంలోనూ ఉంది. మనమూ తారాపూర్, కల్పాక్కం అణు కేంద్రాల్లో వ్యర్థాన్ని ఇలాగే గాజులో కలుపుతున్నాం.

సాగర్ కట్ట:
సార్, ఎవరి చెత్త వాళ్లింటికా? మరి మా నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు సంగతేంటి? యురేనియం గనులకని 2003లో ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. టన్ను రాయి తవ్వితే కిలో యురేనియం కూడా రాదు. అది లారీ ఎక్కి పోతుంది. రేడియోధార్మికత చాలా వరకు మిగిలిన రాతి పిండిలోనే ఉంటుంది, అది మాకు. పక్కనే నాగార్జున సాగర్, హైదరాబాద్ ఆ నీళ్లు కూడా తాగుతుంది. సరిహద్దు దాటలేదు కాబట్టి దీన్ని ఎవరూ వ్యాపారం అనరు, అంతే తేడా.

పాలమూరు బాటసారి:
నల్లమలలో యురేనియం వద్దని 2019లో అసెంబ్లీ తీర్మానం చేస్తే నేనూ సంబరపడ్డా. కానీ తమ్మీ, గని వద్దు, నిల్వ వద్దు, కరెంటు మాత్రం పోవద్దు అంటే ఎట్లా? కల్పాక్కం వాళ్లు ఏం పాపం చేశారు?

సాగర్ కట్ట:
ఏమీ చేయలేదు, అదే నా బాధ కూడా. అంత నమ్మకముంటే మీ ఊరి గుట్ట కిందే పెట్టుకో అనేవాణ్ని. కానీ ఏం చేద్దాం అన్నా, కృష్ణ మీ దగ్గర్నుంచే మా దగ్గరికొస్తుంది.