న్యూయార్క్ పెన్ స్టేషన్‌లో ఎడిసన్ ట్రైన్ పట్టుకోవడం ఎలా?

అందరికీ నమస్కారమండీ. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో దిగి రెండు వారాలైంది. సోమవారం నుంచి మాన్‌హట్టన్‌లో ఆఫీసు. ఒకసారి చూసొద్దామని నిన్న పెన్ స్టేషన్‌కి వెళ్తే, పైకి తేలడానికే 20 నిమిషాలు పట్టింది. తిరిగొచ్చేటప్పుడు బోర్డు మీద మా ట్రైన్ ఉంది గానీ ట్రాక్ నంబర్ లేదు. ఎక్కడ నిలబడాలో తోచలేదు. రోజూ వెళ్లేవాళ్లు కాస్త వివరంగా చెప్తారా?

•

కంగారు పడకండి. నేను మీ లైన్లోనే ఉన్న మెట్రోపార్క్ నుంచి 11 ఏళ్లుగా వెళ్తున్నాను. మొదటి నెల నాకూ అంతా గజిబిజిగానే ఉండేది.

ముందు పేరు సంగతి. మన దారిలో పెన్ స్టేషన్లు రెండున్నాయి, ఒకటి నెవార్క్ పెన్, ఇంకోటి న్యూయార్క్ పెన్. కండక్టర్ గబగబా చెప్తే రెండూ ఒకేలా వినిపిస్తాయి. నెవార్క్ ముందొస్తుంది. ఆ తర్వాత చాలా ట్రైన్లు సికాకస్‌లో ఆగుతాయి, దాని తర్వాత నది కింద సొరంగం. ఆ చీకటి దాటేదాకా ఎవరు పెన్ స్టేషన్ అన్నా సీట్లోంచి లేవకండి.

స్టేషన్ మొత్తం భూమి లోపలే. పైన మాడిసన్ స్క్వేర్ గార్డెన్ ఉంది కాబట్టి ఆకాశం కనబడదు, దిక్కు తెలియదు. అందుకని రెండు రోడ్లు గుర్తుపెట్టుకోండి: తూర్పున 7వ అవెన్యూ, పడమర 8వ అవెన్యూ. ఉత్తరాన 33వ వీధి లాంగ్ ఐలండ్ రైలువాళ్లది, దక్షిణాన 31వ వీధి మనది. మొత్తం 21 ట్రాకుల్లో మన ట్రైన్లు, అంటే న్యూజెర్సీ ట్రాన్సిట్ వాళ్లవి, ఎక్కువగా 1 నుంచి 12 లోపే వస్తాయి. 17 నుంచి 21 దాకా పూర్తిగా లాంగ్ ఐలండ్ వాళ్లవే. జనం వెంట నడుచుకుంటూ పోయి ఆ అంకెల దగ్గర తేలితే, వెనక్కి తిరగాలన్నమాట. సాయంత్రం 7వ అవెన్యూ, 31వ వీధి మూల దగ్గర మెట్లు దిగితే నేరుగా మన హాల్లోకే వెళ్తారు.

8వ అవెన్యూ అవతల మొయినిహన్ హాల్ ఉంది. 2021 జనవరి 1న తెరిచారు. అద్దాల కప్పు, మంచి వెలుతురు, తప్పకుండా ఒకసారి చూడండి. కానీ ట్రైన్ కోసం మాత్రం అక్కడ కూర్చోకండి. అది ఆమ్‌ట్రాక్ (దూరప్రాంతాల రైళ్లు), లాంగ్ ఐలండ్ ప్రయాణికుల కోసం కట్టింది. అక్కణ్ణుంచి 1 నుంచి 4 ట్రాకులకి దారే లేదు, మన ట్రైన్లేమో చాలాసార్లు ఆ నాలుగింటి మీదే ఉంటాయి.

ఇక ట్రాక్ నంబర్. మామూలుగా బయల్దేరడానికి ఓ 10 నిమిషాల ముందు వేస్తారు. అందాకా అందరూ తలలెత్తి బోర్డు కేసి చూస్తూ నిలబడతారు, నంబర్ పడగానే ఒక్కసారిగా మెట్ల మీద పడతారు. న్యూజెర్సీ ట్రాన్సిట్ యాప్‌లో డిపార్చర్ విజన్ అని ఉంటుంది, అదే నంబర్ మీ ఫోన్‌లోనూ కనిపిస్తుంది. ఇంకో సంగతి, కింది అంతస్తులోని నడవల నుంచి కూడా ప్లాట్‌ఫామ్‌లకి మెట్లున్నాయి. పైన తోపులాట ఎక్కువగా ఉంటే నేను అటే దిగుతాను.

అయితే నేను గట్టిగా చెప్పేది ఒకటే. నంబర్ కన్నా ముందు లైను పేరు చూడండి. మనది నార్త్ఈస్ట్ కారిడార్, ఎక్కువగా ట్రెంటన్ అని ఉంటుంది. లాంగ్ బ్రాంచ్ అని ఉంటే అది కోస్ట్ లైన్. రెండూ రావే అనే స్టేషన్ దాకా ఒకే దారిలో వెళ్తాయి, అందుకే తప్పు ఎక్కామని తెలియనే తెలియదు. నేను మొదటి శీతాకాలంలో అలాగే నిద్రపోయి పెర్త్ అంబోయ్‌లో లేచాను. రాత్రి పూట, ఖాళీ ప్లాట్‌ఫామ్, చలి. మీకా పరిస్థితి రాకూడదు. పొరపాటున ఎక్కితే రావేలో దిగి వెనకొచ్చే ట్రెంటన్ ట్రైన్ పట్టుకోండి. డోవర్ ట్రైన్ ఎక్కేస్తే మాత్రం సికాకస్‌లోనే దిగిపోవాలి, అది ఆ తర్వాత వేరే దారి పడుతుంది.

ట్రెంటన్ అని ఉన్న ప్రతి ట్రైనూ ఎడిసన్‌లో ఆగదు. స్క్రీన్ మీద స్టేషన్ల పేర్లు వరసగా వస్తాయి, మీ స్టేషన్ పేరు కళ్లారా చూశాకే ప్లాట్‌ఫామ్‌కి దిగండి.

టికెట్ యాప్‌లో కొని, ఎక్కేముందే యాక్టివేట్ చేయండి. స్టేషన్‌లో మెషీన్ పనిచేస్తుండగా ట్రైన్‌లో కొంటే 5 డాలర్లు అదనంగా తీసుకుంటారు. కండక్టర్ మీ సీటు దగ్గర చిన్న కాగితం ముక్క పెడతారు. సీటు మారితే దాన్నీ వెంట తీసుకెళ్లండి.

•

అన్నయ్య గారు అన్నీ బాగా చెప్పారు. ట్రైన్లు నిలిచిపోయిన రోజు సంగతి నేను చెప్తాను.

నది కింద సొరంగాలు 1910 నాటివి. రెండే గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒకటే పట్టా. 2012 అక్టోబర్‌లో శాండీ తుఫానుకి ఉప్పునీళ్లు లోపలికొచ్చి బాగా దెబ్బతిన్నాయి. లోపల ఒక్క ట్రైన్ ఆగిపోయినా సాయంత్రమంతా తల్లకిందులవుతుంది. అలాంటప్పుడు హాల్లో గంటలకొద్దీ నిలబడకండి. మన టికెట్లు పాత్ ట్రైన్‌లో (మాన్‌హట్టన్, న్యూజెర్సీ మధ్య నడిచే వేరే రైలు) చెల్లుతాయని యాప్‌లో గానీ మైకులో గానీ చెప్తే, వెంటనే పైకెక్కి తూర్పుగా 6వ అవెన్యూ మీదున్న 33వ వీధి పాత్ స్టేషన్‌కి నడవండి. జర్నల్ స్క్వేర్ దాకా వెళ్లి అక్కడ మారితే నెవార్క్ పెన్ వస్తుంది, మన లైను మళ్లీ దొరుకుతుంది. అలా చెప్పని రోజు పాత్‌కి విడిగా డబ్బు కట్టాల్సిందే.

చిన్న పిల్లలున్న దాన్ని, ఇంటికి చేరే వేళ తప్పితే ఎంత గాభరాగా ఉంటుందో నాకు తెలుసు. ఈ దారి ఒక సెలవు రోజున ముందే నడిచి చూసుకోండి.

•

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఆఫీసు 8వ అవెన్యూ దాటాక ఉంది. పొద్దున ట్రైన్‌లో ఏ పెట్టె ఎక్కితే మంచిది?

•

వెనక పెట్టెలు. ట్రైన్ పడమర నుంచి వస్తుంది కాబట్టి ముందు పెట్టెలు 7వ అవెన్యూ వైపు, వెనకవి 8వ అవెన్యూ వైపు ఆగుతాయి. సాయంత్రం దీనికి తిరగేసి. జనమంతా 7వ అవెన్యూ వైపు మెట్లు దిగి, అక్కడే వెనక పెట్టెల్లో ఎక్కేస్తారు. మీరు ప్లాట్‌ఫామ్ మీద ఇంకో మూడు నాలుగు పెట్టెలు ముందుకి నడవండి, సీటు దొరుకుతుంది.