మిస్సైల్ ల్యాబ్‌కు టెక్నికల్ సపోర్ట్ టెండర్: మడికొండలోని చిన్న కంపెనీ వేయొచ్చా?

మడికొండ_డిజైనర్:

అందరికీ నమస్తే. మాకు వరంగల్ దగ్గర మడికొండలో చిన్న డిజైన్ ఆఫీసు ఉంది. మొత్తం పన్నెండు మందిమి, ఇద్దరు తప్ప అందరం మెకానికల్. ప్రైవేటు కంపెనీలకు త్రీడీ మోడల్స్, డ్రాయింగులు, స్ట్రెస్ అనాలిసిస్ చేసి పెడుతుంటాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఎంఎస్ఎంఈ నమోదు) ఉంది.

ప్రభుత్వ కొనుగోళ్ల జెమ్ పోర్టల్‌లో హైదరాబాద్‌లోని ఒక క్షిపణి ల్యాబ్ బిడ్ కనిపించింది. పేరు చూస్తే సిస్టమ్స్ ఇంజినీరింగ్, టెక్నికల్ సపోర్ట్ సర్వీసెస్ అని ఉంది. 22 మంది ఇంజినీర్లు కావాలట, మూడేళ్ల కాంట్రాక్టు. మా పార్ట్‌నర్ అయితే ఇప్పటికే ఆఫీసు గోడకు క్షిపణి ఫొటో పెట్టేశాడు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. క్షిపణి పని అంటే లైసెన్స్ ఏమన్నా కావాలా? ఎంఎస్ఎంఈలకు ఈఎండీ (బిడ్‌తో కట్టే ధరావతు) లేదంటున్నారు, నిజమేనా? పని మడికొండ నుంచే చేయొచ్చా? ఇంకోటి, మా బావకు చర్లపల్లిలో సీఎన్‌సీ షాపు ఉంది. క్షిపణి విడిభాగాలు చేసే ఒక కంపెనీకి జాబ్ వర్క్ చేస్తాడు. ఆయన కూడా కలుస్తానంటున్నాడు. అనుభవం ఉన్నవాళ్లు జర చెప్పండి.

ఎల్‌వన్_బాధితుడు:

బ్రదర్, మ్యాన్‌పవర్ (మనుషులను పంపే) బిడ్ అయితే సర్వీస్ ఛార్జ్, అంటే జీతాల ఖర్చు మీద మనకొచ్చేది, కనీసం 3.85 శాతం ఉండాలి, అంతకంటే తక్కువ కోట్ చేయనివ్వదు పోర్టల్. అందరూ సరిగ్గా అదే వేస్తారు. అందరికీ టై. ఆ తర్వాత ఎవరికి వస్తుందో పోర్టల్ తేలుస్తుంది. ఇంజినీరింగ్ తెలిసినోడు, తెలియనోడు ఇద్దరూ ఒకటే అక్కడ. ఫొటో తీసేయమనండి.

కాజీపేట_క్యూఏ_అక్క:

తమ్ముడూ, ఫొటో ఉండనీ. ముందు బిడ్ డాక్యుమెంట్‌లో స్కోప్ ఆఫ్ వర్క్, పేమెంట్ టర్మ్స్ రెండూ తెరిచి పక్కపక్కన పెట్టుకో. మిగతావన్నీ తర్వాత.

నేను హైదరాబాద్ కంచన్‌బాగ్ వైపు ఒక ల్యాబ్‌లో కాంట్రాక్టు ఇంజినీర్‌గా చాలా ఏళ్లు చేశాను, క్వాలిటీ డాక్యుమెంటేషన్ సెక్షన్‌లో. ఏజెన్సీ మారేది, నా కుర్చీ మారేది కాదు. ఇప్పుడు కాజీపేటలో నాదే చిన్న ఫర్మ్. రెండు వైపులా కూర్చున్నాను కాబట్టి చెబుతున్నా.

టెక్నికల్ సపోర్ట్ అనే పేరుతో వచ్చేవి రెండు రకాలు. ఇన్ని తలలు పంపు, నెలనెలా హాజరు చూసి బిల్లు ఇస్తాం అనేది ఒకటి. ఫలానా సబ్‌సిస్టమ్‌కు ఫలానా డాక్యుమెంట్లు, విశ్లేషణ చేసి ఇవ్వు, అంగీకరించాక డబ్బు అనేది రెండోది. పెళ్లి వంటకు మనిషికి కూలీ మాట్లాడుకోవడం వేరు, ప్లేటుకు రేటు మాట్లాడుకోవడం వేరు. మొదటి దాంట్లో నువ్వు జీతాలు పంచే క్యాషియర్‌వి. రెండో దాంట్లో ఇంజినీర్‌వి. నువ్వు చెప్పిన 22 మంది, మూడేళ్లు అన్న లెక్క చూస్తే మొదటి రకంలాగే ఉంది.

అదే అయితే ఒకసారి లెక్క వేసి చూడు. మనిషికి 35 వేలు అనుకుందాం. 22 మందికి నెలకు 7 లక్షల 70 వేలు. పీఎఫ్‌లో యజమాని వాటా, అడ్మిన్ ఛార్జీలు కలిపి 13 శాతం, 15 వేల పరిమితి మీద మనిషికి 1,950, అంటే దాదాపు 43 వేలు. మొత్తం 8 లక్షల 13 వేలు. దీని మీద 3.85 శాతం అంటే నీకు మిగిలేది నెలకు 31 వేల పైచిలుకు. ఆఫీసు అద్దె, అకౌంటెంట్, హైదరాబాద్ రాకపోకలు అన్నీ అందులోంచే.

బిల్లు మూడు నెలలు ఆగిందనుకో. జీతాలు ఆపలేవు, ఆపితే అసలు బిల్లే పాస్ కాదు, ఎందుకంటే బ్యాంకులో జీతం వేసిన రుజువు, పీఎఫ్ చలాన్ జత చేస్తేనే బిల్లు తీసుకుంటారు. పైగా ఇన్వాయిస్ ఇచ్చిన నెలకు 18 శాతం జీఎస్టీ, నెలకు లక్షన్నర, మరుసటి నెల 20వ తేదీలోపు నువ్వే కట్టాలి. ల్యాబ్ నీకు డబ్బు ఇచ్చిందా లేదా అన్నది జీఎస్టీ వాళ్లకు అనవసరం. మూడు నెలలకు నీ చేతి నుంచి పోయేది దాదాపు 29 లక్షలు. ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) మీద 12 శాతం వడ్డీ అంటే నెలకు 29 వేలు. నీ సర్వీస్ ఛార్జ్ ఎంతో పైన చూశావుగా.

ఎంఎస్ఎంఈ చట్టం 45 రోజుల్లో చెల్లించాలి అంటుంది, 2006 నుంచీ ఉంది. దాటితే బ్యాంక్ రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. కానీ ఇంకా రెండేళ్లు అదే గేటు దగ్గర పాస్‌ల కోసం నిలబడాల్సినవాడు ఆ ఫిర్యాదు చేస్తాడా? నేనైతే చేయలేదు. అవతల బీడీఎల్ (భారత్ డైనమిక్స్) లాంటి ప్రభుత్వ రంగ సంస్థ అయితే ట్రెడ్స్ అనే ఆన్‌లైన్ వేదికలో ఇన్వాయిస్ పెట్టి ముందే డబ్బు తీసుకునే దారి ఉంది, అది అడిగి తెలుసుకో.

నీ ప్రశ్నలకు వస్తా. లైసెన్స్ గొడవ తయారీకి. క్షిపణి, దాని వార్‌హెడ్ లాంటివి తయారు చేసేవాళ్లకు పారిశ్రామిక లైసెన్స్ కావాలి. డ్రాయింగులు, విశ్లేషణ, డాక్యుమెంటేషన్ సేవకు ఆ లైసెన్స్ అక్కర్లేదు. కానీ 1923 నాటి అధికార రహస్యాల చట్టం నీకూ, నీ ఇంజినీర్లకూ వర్తిస్తుంది, నాన్ డిస్‌క్లోజర్ మీద సంతకాలు ఉంటాయి, ప్రతి ఒక్కరికీ పోలీస్ వెరిఫికేషన్ ఉంటుంది. వెరిఫికేషన్ వచ్చి గేటు దాటిన రోజు నుంచే బిల్లు. అప్పటిదాకా ఆ పిల్లలను ఖాళీగా కూర్చోబెట్టి జీతం ఇస్తావా, వేరే ఉద్యోగానికి పోనిస్తావా అన్నది నీ తలనొప్పి.

మడికొండ నుంచి చేయడం మర్చిపో. ఫోన్ గేటు దగ్గరే పెట్టాలి, పెన్‌డ్రైవ్ లేదు, సొంత ల్యాప్‌టాప్ లేదు, లోపల ఇంటర్నెట్ లేని నెట్‌వర్క్. పని అంతా అక్కడ కూర్చునే. కాజీపేటలో రైలెక్కి రోజూ వచ్చిపోతామనుకునే పిల్లలను నేను చూశాను. నెల తిరక్కుండా చంపాపేటలో రూమ్ తీసుకుంటారు, ఆ తర్వాత జీతం సరిపోవడం లేదని మానేస్తారు. బదులు మనిషిని గడువులోగా పెట్టకపోతే నీకు పెనాల్టీ.

ఈఎండీ నిజమే. సూక్ష్మ, చిన్న సంస్థ అయి, సేవను నువ్వే అందించేవాడివైతే మినహాయింపు, ట్రేడర్లకు లేదు. టర్నోవర్, పాత అనుభవం సడలింపు మాత్రం కొనేవాళ్ల ఇష్టం, బిడ్ మొదటి పేజీల్లోనే అవును అనో కాదు అనో ఉంటుంది. పర్ఫార్మెన్స్ సెక్యూరిటీకి (పని సరిగ్గా చేస్తామన్న హామీకి) ఎవరికీ మినహాయింపు లేదు, కాంట్రాక్టు విలువలో 3 నుంచి 5 శాతం బ్యాంక్ గ్యారంటీ. చిన్న కంపెనీకి బ్యాంకు దాదాపు అంత డబ్బూ ఎఫ్‌డీ పెట్టమంటుంది. మూడేళ్ల కాంట్రాక్టుకు అది ఎంతవుతుందో నువ్వే లెక్క వేసుకో.

సుబేదారి_సర్వీసెస్:

అక్క మరీ భయపెడుతోంది. మేము మ్యాన్‌పవర్ కాంట్రాక్టులే చేస్తాం, క్షిపణి ల్యాబులకు కాదు కానీ వేరే కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు. లాభం తక్కువే, ఒప్పుకుంటా. కానీ మొదటి కాంట్రాక్టు లాభం కోసం కాదు, కంప్లీషన్ సర్టిఫికెట్ కోసం. అది లేకపోతే జీవితాంతం అర్హత దగ్గరే ఆగిపోతాం. చిన్నగా ఐదారుగురు ఉన్న బిడ్ చూసుకుని మొదలుపెట్టండి. ఇద్దరు పార్ట్‌నర్లకు ఓపిక, ఇంట్లో కొంత బంగారం ఉంటే నడుస్తుంది.

కాజీపేట_క్యూఏ_అక్క:

బంగారం మాట బాగుంది అన్నా. ఇంట్లో వదినను అడిగి రాశారా?

సర్టిఫికెట్ విషయంలో ఒక్కమాట. ఆ సర్టిఫికెట్ మీద మ్యాన్‌పవర్ సప్లై అని ఉంటే రేపు ఇంజినీరింగ్ సేవల టెండర్‌లో దాన్ని సిమిలర్ వర్క్‌గా చాలాచోట్ల తీసుకోరు. వాళ్లు అడిగేది డిజైన్, విశ్లేషణ, క్వాలిటీ, సాఫ్ట్‌వేర్ వెరిఫికేషన్ చేసిన అనుభవం. మీ వ్యాపారానికి మీ సర్టిఫికెట్ పనికొస్తుంది. ఈ తమ్ముడి ఆఫీసులో కూర్చున్నది స్ట్రెస్ అనాలిసిస్ చేసేవాళ్లు. వాళ్లు మూడేళ్లు హాజరు పట్టికలు నింపితే ఉన్న పని మర్చిపోతారు.

నేనైతే ఇలా చేస్తా. క్షిపణి ప్రాజెక్టుల్లో కాగితం పని గుట్టలుగా ఉంటుంది. దానికి మనుషులు దొరకడం లేదు, ఎందుకంటే అందరికీ డిజైనే కావాలి. ఇంటర్‌ఫేస్ కంట్రోల్ డాక్యుమెంట్లు, కాన్ఫిగరేషన్ రికార్డులు, అంగీకార పరీక్షల ప్రొసీజర్లు, జేఎస్ఎస్ 55555 అనే మన రక్షణ ప్రమాణం ప్రకారం వేడి, చలి, వైబ్రేషన్ పరీక్షల ప్లాన్లు, అమెరికా సైనిక ప్రమాణం ఎంఐఎల్ స్టాండర్డ్ 461 ప్రకారం ఈఎంఐ (విద్యుదయస్కాంత జోక్యం) రిపోర్టులు, ఎఫ్ఎంఈసీఏ పట్టికలు. ఎఫ్ఎంఈసీఏ అంటే, ఏది ఎలా పాడవుతుంది, పాడైతే మిగతా వ్యవస్థకు ఏమవుతుంది అని ఒక్కో కనెక్టర్ దాకా రాస్తూ పోవాలి. విసుగు పని. కానీ ఎంఎస్‌క్యూఏఏ (క్షిపణుల నాణ్యత తనిఖీ సంస్థ) ఇన్‌స్పెక్టర్ ముందు డాక్యుమెంట్ తప్పుగా ఉంటే మంచి హార్డ్‌వేర్ కూడా షెడ్‌లోనే ఉండిపోతుంది.

ఈ పని ల్యాబులకే కాదు, వాటికి సబ్‌సిస్టమ్స్ సరఫరా చేసే ప్రైవేటు కంపెనీలకూ కావాలి. వాళ్ల దగ్గర జాబ్ వారీగా, డాక్యుమెంట్‌కు ఇంత అని మాట్లాడుకోవచ్చు. పర్చేజ్ ఆర్డర్ మీద ఇంజినీరింగ్ డాక్యుమెంటేషన్ సేవ అని స్పష్టంగా రాయించుకో. ఈఎండీ లేదు, బ్యాంక్ గ్యారంటీ చాలాసార్లు ఉండదు, ఇద్దరు ముగ్గురితో నడుస్తుంది.

ఇది తొందరగా అయిపోయే పని కూడా కాదు. ఆకాశ్‌ని చూడు. 1983లో సమీకృత క్షిపణి కార్యక్రమంలో పృథ్వి, అగ్ని, త్రిశూల్, నాగ్‌తో కలిపి మొదలైంది. సైన్యం చేతికి 2015లో వచ్చింది. ఆ తర్వాత మాన్యువల్స్, విడిభాగాలు, మార్కెట్‌లో దొరకని ఐసీ చిప్‌కు బదులు వెతకడం, ప్రతి మార్పుకూ కాగితాలు. ఒక్క క్షిపణి కుటుంబం కింద ఒక ఇంజినీర్ ఉద్యోగ జీవితం మొత్తం గడిచిపోతుంది.

పోచమ్మమైదాన్_టు_హంట్స్‌విల్:

మాది వరంగల్ పోచమ్మమైదాన్. ఇప్పుడు అలబామాలోని హంట్స్‌విల్‌లో ఉంటున్నా, రెడ్‌స్టోన్ ఆర్సెనల్ అనే అమెరికా సైనిక స్థావరం ఉన్న ఊరు. ఇక్కడ ఇదే పనిని సెటా (సిస్టమ్స్ ఇంజినీరింగ్, సాంకేతిక సహాయం) అంటారు. మిస్సైల్ డిఫెన్స్ ఏజెన్సీ లాంటి చోట్ల ప్రభుత్వ ఉద్యోగులతో సమానంగా ఈ సపోర్ట్ కాంట్రాక్టర్లు కనిపిస్తారు. ఇక్కడా ఎక్కువగా గంటల లెక్కే. కాకపోతే చాలా కాంట్రాక్టులు ఖర్చు ప్లస్ ఫిక్స్‌డ్ ఫీజు పద్ధతిలో ఉంటాయి. ఆ ఫీజుకు చట్టంలో పైపరిమితి ఉంది: అంచనా ఖర్చులో 10 శాతం, పరిశోధన పనికైతే 15. అక్కడ కింది పరిమితి 3.85 అని చదివి ఆశ్చర్యపోయాను. మనవాళ్లు ఎవరైనా ఇటు ఆశపడితే ముందే చెబుతున్నా, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే. హెచ్‌వన్‌బీ మీద కుదరదు.

అసలు నేను రాస్తున్నది మీ బావగారి గురించి. ఇక్కడ ఫెడరల్ నిబంధనల్లో ఒక గట్టి రూలు ఉంది. ఒక వ్యవస్థకు సిస్టమ్స్ ఇంజినీరింగ్ సలహా ఇచ్చే కంపెనీ ఆ వ్యవస్థనుగానీ దాని ప్రధాన భాగాలనుగానీ సరఫరా చేయకూడదు, సరఫరా చేసేవాడికి సబ్‌కాంట్రాక్టర్‌గా కూడా ఉండకూడదు. స్పెసిఫికేషన్ రాసేవాడే అమ్మకూడదు కదా. మీ దగ్గర ఈ విషయం ఎలా చూస్తారు?

కాజీపేట_క్యూఏ_అక్క:

మన దగ్గరా ఉంది. జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ 2017లో కోడ్ ఆఫ్ ఇంటెగ్రిటీ కింద ప్రయోజనాల ఘర్షణ ఉంటే బిడ్డర్ ముందే చెప్పాలి. తమ్ముడూ, మీ బావ షాపు పార్టులు వెళ్లే ప్రాజెక్టుకే నువ్వు ఇన్‌స్పెక్షన్ డాక్యుమెంట్లు రాస్తే, ఆ పార్టు రిజెక్ట్ అయినా అనుమానమే, పాస్ అయినా అనుమానమే. ఆయన్ను పార్ట్‌నర్‌గా కలుపుకోకు. చుట్టరికం దాచకు, రాసి ఇవ్వు.

మడికొండ_డిజైనర్:

అందరికీ థాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టు రెండు పేజీలూ పక్కన పెట్టి చూశాను. బిల్లు హాజరు మీదే. అనుభవం సడలింపు దగ్గర కాదు అని ఉంది, అంటే మేము అసలు అర్హులమే కాదు. పార్ట్‌నర్ రెండు రోజులు అలిగాడు. బావకు ఇంకా చెప్పలేదు, ఆదివారం ఇంటికి వస్తాడు. డాక్యుమెంటేషన్ జాబ్‌లకే ప్రయత్నిస్తాం. ఎఫ్ఎంఈసీఏ మా ఎలక్ట్రానిక్స్ అమ్మాయి చదువుకునేటప్పుడు చేసిందట. కొత్త లేబర్ కోడ్‌ల వల్ల మా కాంట్రాక్టు ఇంజినీర్లకు ఏమైనా మారుతుందా?

కాజీపేట_క్యూఏ_అక్క:

మారుతుంది. 2025 నవంబర్ 21 నుంచి కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. ఫిక్స్‌డ్ టర్మ్ మీద తీసుకున్నవాళ్లకు గ్రాట్యుటీ ఐదేళ్లకు కాదు, ఏడాదికే వస్తుంది. పాత ఎక్సెల్ పట్టుకుని రేటు చెప్పకు, అది కలుపు.

ఎఫ్ఎంఈసీఏ ఆ అమ్మాయి చేతే ఒక నమూనా చేయించు. ఏదైనా మామూలు పవర్ సప్లై బోర్డు మీద చాలు, క్షిపణిది అక్కర్లేదు. కంపెనీల దగ్గరికి బ్రోచర్ కంటే అది పట్టుకెళ్లడం మేలు. ఇంకా ఉద్యమ్ సర్టిఫికెట్‌లో ఎన్‌ఐసీ కోడ్ (వ్యాపార రకాన్ని చెప్పే అంకె) 71100 ఉందో లేదో ఇవాళే చూడు. ఇంజినీరింగ్, సాంకేతిక సలహా సేవలు దాని కిందికే వస్తాయి. లేకపోతే పోర్టల్‌లోనే అప్‌డేట్ చేసుకోవచ్చు, ఫీజు లేదు. చేసిపెడతామని డబ్బు అడిగేవాళ్లకు ఇవ్వకు.