సీలింగ్ ప్రొజెక్టర్‌కు ఫ్యాన్ పాయింట్ నుంచి కరెంటు తీసుకోవచ్చా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి):

అందరికీ నమస్కారం. మాది పదేళ్ల కిందట కట్టిన అపార్ట్‌మెంట్‌లో సొంత ఫ్లాట్. హాలు 14 అడుగుల పొడవు, 11 అడుగుల వెడల్పు. ఈమధ్య లాంప్ ఉన్న ప్రొజెక్టర్ కొన్నాం, వెనక స్టిక్కర్ మీద 300 వాట్లు అని ఉంది. టీపాయ్ మీద పెట్టి చూస్తున్నాం. పాపకు రెండేళ్లు. మొన్న వైరు పట్టుకుని లాగితే ప్రొజెక్టర్ అంచు దాకా జరిగింది, నా గుండె ఆగినంత పనైంది. అందుకే సీలింగ్‌కు ఎక్కించేద్దామనుకున్నాం.

ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "పక్కనే ఫ్యాన్ పాయింట్ ఉంది కదమ్మా, అందులోంచి లాగేస్తా, గంట పని" అన్నాడు. ప్రొజెక్టర్‌తో వచ్చిన నల్ల వైరును ఫాల్స్ సీలింగ్ పైనుంచి తిప్పి, గోడలో గాడి కొట్టి పూడ్చేస్తే బయటికేమీ కనపడదట. హాలు చుట్టూ జిప్సం ఫాల్స్ సీలింగ్, మధ్యలో మామూలు స్లాబ్. ఇలా చేయించవచ్చా? నాకెందుకో టెన్షన్‌గా ఉంది.

జవాబు (హనుమకొండ నుంచి, 22 ఏళ్లుగా వైరింగ్ పని):

అమ్మా, పని ఆపించి అడిగారు, మంచి పని చేశారు. ఆయన చెప్పిన రెండూ చేయించకండి.

ముందు ఫ్యాన్ పాయింట్ సంగతి. ఆ పాయింట్‌కు కరెంటు రెగ్యులేటర్ దాటి వస్తుంది. ఎవరో ఫ్యాన్‌ను రెండులో పెట్టారనుకోండి, ప్రొజెక్టర్‌కూ ఆ తగ్గిన కరెంటే అందుతుంది. దాంతో లోపలి పవర్ సప్లై పాడైపోవచ్చు. "రెగ్యులేటర్ తీసేసి డైరెక్ట్ ఇస్తా" అన్నా ఒప్పుకోవద్దు. చాలా ఇళ్లలో ఫ్యాన్ పాయింట్‌కు ఫేజ్, న్యూట్రల్ రెండే ఉంటాయి, ఎర్త్ వైరు ఉండదు. మూడు పిన్నుల ప్లగ్గు పెట్టినా లావు పిన్ను ఊరికే ఉన్నట్టే. ఎర్త్ లేకపోతే సెట్‌టాప్ బాక్స్ నుంచి బొమ్మ, సౌండు తెచ్చే హెచ్‌డీఎంఐ వైరు ఇనుప మూతి ముట్టుకున్నప్పుడు చేతికి జుమ్మంటుంది. అలాంటప్పుడు ఆన్‌లో ఉండగా వైరు గుచ్చి తీస్తే సెట్‌టాప్ బాక్స్ పోర్టు కాలిపోవచ్చు. బల్బు హోల్డర్‌కు తగిలించే ప్లగ్గులు దొరుకుతాయి, వాటికీ ఎర్త్ ఉండదు, వద్దు.

ఇక నల్ల వైరు. అది బయట కళ్లకు కనపడుతూ ఉండాల్సిన వైరు. గోడలో పూడ్చడానికి, ఫాల్స్ సీలింగ్ పైన పడేయడానికి చేసింది కాదు. జిప్సం పైన దాన్ని మోసే జీఐ చానెళ్ల (జింకు పూత రేకు పట్టీల) అంచులు బ్లేడులా ఉంటాయి. ఎలుక కొరికినా, అంచు కోసినా, వేడెక్కి తొడుగు పగిలినా బయటికి తెలియదు, తెలిసేసరికి కాలిన వాసన వస్తుంది.

చేయాల్సింది ఇది. ప్రొజెక్టర్ బిగించే చోటుకు అడుగు దూరంలో, స్లాబ్‌కే, 6 ఆంపియర్ల మూడు పిన్నుల సాకెట్ ఒకటి పెట్టించండి. మీ ప్రొజెక్టర్ లాగేది 300ను 230తో భాగిస్తే 1.3 ఆంపియర్లు, కాబట్టి 6 ఆంపియర్ల సాకెట్ చాలు. అక్కడికి స్విచ్ బోర్డు నుంచి 1.5 స్క్వేర్ ఎంఎం రాగి వైర్లు మూడు, ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, పీవీసీ పైపులో గానీ కేసింగ్ పట్టీలో (పైన మూత ఉండే ప్లాస్టిక్ పట్టీ) గానీ తేవాలి. బోర్డులో దీనికంటూ వేరే స్విచ్ ఉండాలి, ఆ స్విచ్ ఫేజ్ మీదే ఉండాలి. నల్ల వైరు ఆ అడుగు దూరం మాత్రమే కనపడుతుంది, దాన్ని చుట్టి స్టాండు వెనక కట్టేయవచ్చు. మెయిన్ బాక్సులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉందో లేదో కూడా చూడమనండి. చిన్నపిల్ల ఉన్న ఇల్లు, లేకపోతే ఇప్పుడే పెట్టించండి.

స్లాబ్‌లో మాత్రం గాడి కొట్టనివ్వకండి. కింద అంగుళం లోపే ఇనుప చువ్వలుంటాయి. వాటి మీద సిమెంటు పోతే తుప్పు పట్టడం మొదలవుతుంది. గోడలో కొట్టుకోవచ్చు, స్లాబ్ మీద పట్టీయే. యాంకర్ బోల్టులకు రంధ్రం వేసేటప్పుడు ఫ్యాన్ బాక్స్ నుంచి స్విచ్ బోర్డు వైపు వెళ్లే దారిలో డ్రిల్ పెట్టొద్దు, లోపల పైపు అటే వెళ్తుంది. స్టాండును జిప్సానికి బిగించడం అసలే వద్దు, ఫ్యాన్ హుక్కుకూ వద్దు, బొమ్మ వణుకుతుంది.

జవాబు (రాజమహేంద్రవరం నుంచి):

మేము అద్దె ఇంట్లో ఉంటూనే కేసింగ్‌తో చేయించుకున్నాం. ఒక సలహా. పట్టీని సీలింగ్ మధ్య నుంచి అడ్డంగా తీసుకెళ్తే ఎంత తెల్లగా ఉన్నా కంటికి కొడుతుంది. దగ్గరి గోడ దాకా తిన్నగా తెచ్చి, అక్కణ్ణుంచి గోడ, సీలింగ్ కలిసే మూలలో తిప్పి, గది మూల నుంచి కిందికి దించాం. వైరు రెండు మీటర్లు ఎక్కువైంది. తర్వాత గోడ రంగే పట్టీకీ వేయించాం. ఇంటికి వచ్చినవాళ్లు చూపిస్తే తప్ప కనిపెట్టలేదు.

కరెంటు వైరుకు ఒక పట్టీ, హెచ్‌డీఎంఐకి ఇంకో పట్టీ అని మర్చిపోకండి.

ప్రశ్న అడిగినవారు:

ఇద్దరికీ చాలా థాంక్స్. అన్నా, హెచ్‌డీఎంఐ ఎంత పొడవు తీసుకోవచ్చు? కొలిస్తే పది మీటర్లు వస్తోంది. కరెంటు పోయినప్పుడు ప్రొజెక్టర్ ఠక్కున ఆగిపోతోంది, అది ప్రమాదమా?

జవాబు (హనుమకొండ నుంచి):

మీది ఫుల్ హెచ్‌డీ అయితే పది మీటర్లకు మంచి రాగి వైరు సరిపోతుంది. 4కే అయితే ఆప్టికల్ ఫైబర్ హెచ్‌డీఎంఐ కొనండి. దానికి దిక్కు ఉంటుంది. ఒక కొన మీద సోర్స్, ఇంకో కొన మీద డిస్‌ప్లే అని రాసి ఉంటుంది. డిస్‌ప్లే కొన ప్రొజెక్టర్ వైపు రావాలి. తిరగేసి దూర్చి, పట్టీ మూసేశాక బొమ్మ రాక మళ్లీ విప్పినవాళ్లను చూశాను. ఏ వైరైనా ముందు నేల మీద పరిచి ఒక రోజు సినిమా చూసి, తర్వాతే పైకి ఎక్కించండి. గోడలో పైపు వేయిస్తే 32 ఎంఎం వేయించండి. 20 ఎంఎం పైపులో హెచ్‌డీఎంఐ మూతి దూరదు, 25లో మలుపు దగ్గర ఇరుక్కుంటుంది. పైపులో ఒక నైలాన్ తాడు వదిలేస్తే రేపు వైరు మార్చాలన్నా గోడ పగలగొట్టక్కర్లేదు.

లాంప్ ప్రొజెక్టర్ ఆపాక లోపలి ఫ్యాన్ కాసేపు తిరిగి లాంప్‌ను చల్లబరచాలి. ఠక్కున కరెంటు పోతే ఆ వేడి లోపలే ఉండిపోయి లాంప్ ఆయుష్షు తగ్గుతుంది. మీది సైన్ వేవ్ ఇన్వర్టర్ (మెయిన్ కరెంటులాంటి కరెంటే ఇచ్చేది) అయితే ఈ సాకెట్‌ను ఆ లైన్‌లో ఇప్పించండి. ఫ్యాన్లు, లైట్లతో పాటు ఇంకో 300 వాట్లు మోయగలదా లెక్క చూసుకోండి. రోజూ ఆపేటప్పుడు రిమోట్‌తో ఆపి, లోపలి ఫ్యాన్ ఆగాకే గోడ స్విచ్ తీయండి.

జవాబు (డాలస్ నుంచి):

ఇక్కడ అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడి నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ కూడా ప్లగ్గు వైరును గోడ లోపల, సీలింగ్ పైన దాచడానికి ఒప్పుకోదు. లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో సీలింగ్‌లోనే సాకెట్ పెట్టించుకోవాలి. డ్రైవాల్ (ఇక్కడి జిప్సం గోడ) లోపల నుంచి లాగే హెచ్‌డీఎంఐ మీద సీఎల్2 లేదా సీఎల్3 అని, అంటే గోడ లోపల వాడదగ్గదనే గుర్తు, ఉందో చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:

వేరే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాం. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. ఫ్యాన్ బాక్స్ విప్పి చూస్తే నిజంగానే రెండే వైర్లున్నాయి! కొత్త సాకెట్‌కు బోర్డు నుంచి ఎర్త్‌తో సహా మూడు లాగారు. మల్టీమీటర్‌తో చూస్తే ఫేజ్‌కు న్యూట్రల్‌కు 228, ఫేజ్‌కు ఎర్త్‌కు 226, న్యూట్రల్‌కు ఎర్త్‌కు 2 వోల్టులు వచ్చాయి. ఇది బాగున్నట్టేనా?

జవాబు (హనుమకొండ నుంచి):

బాగుందమ్మా. ఆర్‌సీసీబీ మీద ఉన్న టెస్ట్ బటన్ ఒకసారి నొక్కి, కరెంటు ఆగుతుందో లేదో చూడండి. ప్రొజెక్టర్ దగ్గర కరెంటు, హెచ్‌డీఎంఐ వైర్లు రెండింటికీ ఒక మూర వదులు ఉంచమనండి, ఫిల్టర్ దుమ్ము దులపడానికి కిందికి దించాల్సి వస్తుంది.