ఆడకూలి, మగకూలి: మీ దగ్గర తేడా ఎంత?

పల్నాటి కోడలు:
మిరప కోతలు మొదలయ్యాయి. మా వైపు ఆడమనిషికి రోజుకి 350, మగమనిషికి 600. మగవాళ్ళు బస్తాలు మోస్తారు, ట్రాక్టరెక్కిస్తారు కదా అంటారు. నిజమే, బరువు పనే. కానీ అది సాయంత్రం గంటసేపు. మిగతా రోజంతా ఆ ఘాటులో కాయ కోసేది ఇద్దరూ. రాత్రి అన్నం కలుపుకోవాలంటే వేళ్ళు భగ్గుమంటాయి. మీ ఊళ్ళల్లో ఎట్లా ఉంది?

నల్గొండ అక్క:
మా దిక్కు నాట్లు గుత్తకే. ఎకరానికింత అని మాట్లాడుకొని దిగుతం, వచ్చింది సమానంగా పంచుకుంటం. రోజుకూలి కన్నా నయం. ఇదివరకు నాటు ఆడోళ్ళ పని అనేవాళ్ళు. ఇప్పుడు బిహార్, బెంగాల్ నుంచి మగ ముఠాలొచ్చి అదే నాటు వేస్తున్నయి, ఎవ్వరూ ఏమంటలేరు!

తాపీ మేస్త్రి:
బిల్డింగ్ పనిలో అసలు తేడా మేస్త్రి రేటు దగ్గరే. నేను మాలు అందిస్తూ అందిస్తూ తాపీ పట్టాను. నాతో పాటు మాలందించిన పిన్ని ఇంకా తట్టే మోస్తోంది. ఆమెకు గోడ కట్టడం రాదని కాదు, తాపీ ఎవరూ చేతికివ్వలేదు. కూలి దగ్గరే ఆగిపోయింది.

మాదాపూర్ టెస్టర్:
ఏసీలో కూర్చున్నా కథ వేరేం కాదు. ప్రసూతి సెలవు 26 వారాలు ఇచ్చారు, ఆ ఏడాది రేటింగ్ మాత్రం తగ్గించారు. తర్వాత కంపెనీ మారితే పాత జీతం మీదే హైక్ లెక్కగట్టారు. అలా ఒక్క ఏడాది కోత ఇప్పటికీ నా వెంటే వస్తోంది.

లా స్టూడెంట్:
1976 నుంచే సమాన వేతన చట్టం ఉంది. ఇప్పుడది 2019 వేతనాల కోడ్‌లో కలిసింది, 2025 నవంబరు 21 నుంచి అమలు. నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటే అయితే ఆడామగా తేడా చూపకూడదు.

పల్నాటి కోడలు:
ఆ కాగితం చేలో ఎవరికి చూపించను తమ్ముడూ? రేపటి నుంచి పనికి పిలవరు. ఉపాధి పనికి పోతే అందరికీ ఒకటే రేటు, అక్కడ ఎవరి కొంపా మునగలేదు మరి.

కౌలు రైతు:
రెండెకరాల కౌలు నాది. కాయ ధర పడిపోయిన ఏడు అందరికీ 600 అంటే నాకు అప్పే మిగులుతుంది. కిలో లెక్కన కోస్తామంటే నాకే టెన్షన్ లేదు. ఎవరు కోసినా కిలో కిలోనే.

నల్గొండ అక్క:
అదే అడగండి వదినా. కానీ మొదటి కోత రేటే చివరిదాకా ఒప్పుకోవద్దు, ఆఖరి కోతల్ల చెట్టుకు కాయ పలచబడతది, బుట్ట నిండదు.

పల్నాటి కోడలు:
మా ముఠాలో చెప్తాను. తడి కాయ అని తూకంలో తరుగు తీస్తారేమోనని అనుమానం.

కౌలు రైతు:
తీసేవాళ్ళున్నారమ్మా. కాటా దగ్గర మీవాళ్ళొకరు నిలబడండి, ఏ పూట తూకం ఆ పూట పుస్తకంలో రాయించండి.