పోకీ మిషన్లపై ఆంక్షలు పెడితే క్లబ్బులు మూతపడతాయా?

కావలి సభ్యుడు:
సిడ్నీలో స్థిరపడిన మా తమ్ముడు అక్కడి ఒక క్లబ్బులో సభ్యుడు. పోకీలని పిలిచే జూదపు మిషన్లపై ప్రభుత్వం ఆంక్షలు పెడితే, పిల్లల ఆటలకు, వృద్ధుల చవక భోజనానికి ఇచ్చే డబ్బు ఆగిపోతుందని క్లబ్బులు చెబుతున్న మాట నిజమేనని అతని వాదన. కావలిలో మా క్లబ్బు షటిల్ కోర్టు మరమ్మతు కూడా పేకాట బల్లల రుసుముతోనే జరుగుతుంది కనుక, నేను అతనికి గట్టిగా బదులు చెప్పలేకపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

కందుకూరు నుంచి సిడ్నీ:
సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలోని క్లబ్బుల్లో 1956 నుంచి ఈ మిషన్లకు చట్టం అనుమతి ఉంది కనుక, అవి లేని క్లబ్బును ఇక్కడివారు ఊహించలేరు. అయితే పశ్చిమ ఆస్ట్రేలియాలో పెర్త్ క్యాసినోలో తప్ప ఇవి ఎక్కడా లేవు, అయినా అక్కడ క్లబ్బులు నడుస్తున్నాయి, పిల్లలు ఆడుతున్నారు. ఎంతవరకు పోగొట్టుకోవడానికి సిద్ధమో ఆటగాడు ముందే నిర్ణయించుకోవాలనే నిబంధన తెస్తామని 2010లో ప్రధాని జూలియా గిలార్డ్ స్వతంత్ర పార్లమెంటు సభ్యుడు ఆండ్రూ విల్కీకి మాట ఇచ్చారు. క్లబ్బులు దానికి వ్యతిరేకంగా పెద్దయెత్తున ప్రచారం చేశాయి. 2012 జనవరిలో ఆమె ఆ ఒప్పందం నుంచి వెనక్కి తగ్గారు. మిషన్లపై ఖర్చయ్యే సొమ్ములో సుమారు 40 శాతం జూదవ్యసనంతో బాధపడేవారిదేనని ఆస్ట్రేలియా ప్రభుత్వానికి సలహాలిచ్చే ఉత్పాదకతా కమిషన్ 2010లోనే అంచనా వేసింది. మీ తమ్ముడు గారు చెప్పే చవక భోజనానికి డబ్బు కడుతున్నది ఎవరో ఈ అంకె చెబుతోంది.

నెల్లూరు న్యాయవాది:
మన దగ్గరా ఇదే ప్రశ్న సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బుకు సంబంధించిన 1968 నాటి తీర్పులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని చెబుతూనే, పందెపు ఆట నుంచి క్లబ్బు యజమాని లాభం పొందుతున్నట్లు తేలితే నేరం కావచ్చునని న్యాయస్థానం హెచ్చరించింది. పోకీ మిషన్‌లో ఆ నైపుణ్యం పాత్ర కూడా లేదు.

టంగుటూరు రైతుబిడ్డ:
అయ్యా, పొగాకు వేలం డబ్బు చేతికొచ్చిన వారంలోనే మా నాన్నగారు పేకాట క్లబ్బులో పోగొట్టుకున్న సంవత్సరం నాకు బాగా గుర్తుంది. ఆ ఏడు నా కాలేజీ ఫీజు మా అమ్మ గాజులతో కట్టాము. ఆ క్లబ్బువారు మా వీధిలో చలివేంద్రం కూడా పెట్టేవారు. దాహంతో వచ్చినవారికి అది మేలు చేసిందని ఒప్పుకుంటాను, కానీ దానికోసం ఆట ఆపవద్దంటే నేను ఒప్పుకోలేను.

కావలి సభ్యుడు:
అందరికీ కృతజ్ఞతలు. వచ్చే సర్వసభ్య సమావేశంలో బల్లల రుసుమును జమాఖర్చుల్లో విడిగా చూపించమని, షటిల్ కోర్టు మరమ్మతుకు సభ్యుల నుంచి చందా వసూలు చేయమని రాతపూర్వకంగా అడుగుతాను.